తడితట్టోడు, ఎగరని పిట్ట

ఆ బొమ్మల పుస్తకం ఇంక మూసెయ్ ముక్తా. పెంగ్విన్ పక్షి అని మీ టీచరమ్మ చెప్పిందా? చెప్పే ఉంటుంది. ఎందుకు పక్షో చెప్పిందా? లేదు కదా. ఊరికే రాసుకొచ్చేశావు. ఆ ఒక్క సంగతి తేల్చుకోలేక ఒక ఊరు ఊరంతా వణికిపోయింది, నీకేం తెలుసు? ఇలా దగ్గరికి జరుగు. దుప్పటి పాదాల దాకా లాక్కో. ఊఁ కొట్టడం ఆపావంటే నేనూ ఆపేస్తాను.

అనగనగా, సముద్రానికీ సరుగుడు తోటకీ మధ్య ఇసుకలో ఇళ్ళు కట్టుకున్న ఒక ఊళ్ళో మరిడి అనే పిల్ల ఉండేది. నీకంటే కాస్త పెద్దది. వాళ్ళ నాన్న వేటకి వెళ్ళేవాడు. వేటంటే అడవిలో వేట కాదే, చేపల వేట. పడవెక్కి దూరం పోతే చాలా రోజులు ఇంటికి వచ్చేవాడు కాదు. వాళ్ళమ్మ పోలమ్మ ఒడ్డున చేపలు వేరు చేసేది.

వల విదిలిస్తే అన్నీ కలిసి కుప్పగా పడతాయి కదా. అందులోంచి కవళ్ళు ఓ పోగు, వంజరాలు ఓ పోగు, రొయ్యలు ఓ పోగు. పోలమ్మ చెయ్యి పడితే రెప్పపాటులో దేని పోగులోకి అది వెళ్ళిపోయేది. ఎవరికీ తెలియని చేప పడితే, పోలమ్మని పిలవండర్రా అనేవాళ్ళు. మరిడికి అది భలే గర్వం.

ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. దీపాలవేళ ప్రతి ఇంటి గుమ్మంలోనూ ఎవరో ఒకరు దీపం పట్టుకుని నిలబడాలి. నిలబడి, ఇంట్లో ప్రాణం ఉన్నవన్నీ ఎవరి వాళ్ళో పైకి చెప్పాలి. కోళ్ళు పక్షుల్లోవి. మేక పాలిచ్చేవాటిలోది. కుండలో చేప చేపల్లోది. పిల్లలు మా పిల్లలు. అంతే. అది చెప్పేసి లోపలికెళ్ళి అన్నాలు తినేవాళ్ళు.

ఎందుకమ్మా రోజూ ఈ గోల అని మరిడి ఒకసారి అడిగింది. తడితట్టోడి కోసం అని చెప్పింది వాళ్ళమ్మ.

తడితట్టోడంటే ఎవరనుకున్నావు? వాడు వెలుగు పోయేవేళకి సముద్రంలోంచి వస్తాడు. నెత్తిమీద వెదురు తట్ట. తట్ట నిండా నీళ్ళు. అడుగు నుంచి బొట్టు బొట్టు కారుతూనే ఉంటుంది, లోపల నీళ్ళు మాత్రం తరగవు. ఎవరి వాళ్ళూ కానివాటిని ఏరుకుని ఆ తట్టలో వేసుకుపోతాడట. ప్రతి ప్రాణికీ ఎవరో ఒకరు ఉన్నారని గుమ్మంలో వినపడితే చాలు, ఆగకుండా వెళ్ళిపోతాడు.

మరిడి పుట్టాక వాణ్ణి చూసినవాళ్ళు ఎవరూ లేరు. అందుకని ఆ మాటలు కూడా అందరూ అలవాటుకొద్దీ గొణిగేసేవాళ్ళు. నువ్వు పళ్ళు తోముకున్నానని చెబుతావే, అలాగన్నమాట.

అప్పుడు ఒక చలికాలం సముద్రం మీద మంచు దిగింది. మామూలు మంచు కాదు. మధ్యాహ్నమైనా విడవలేదు. పడవ మీద ఆ చివరి మనిషికి ఈ చివరి మనిషి కనపడలేదు. ఆ మంచులో కొర్లయ్య వలలో ఏదో బరువుగా పడింది. కొర్లయ్య అంటే ఆ ఊరి పెద్ద, తన మాటకి ఎదురు మాట రానివ్వని మనిషి.

ఒడ్డుకి తెచ్చి వల విప్పారు. నల్లటి వీపు, తెల్లటి పొట్ట. మరిడి నడుం దాకా ఎత్తు. వల విప్పగానే అది రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది. అప్పుడు అందరూ తలో అడుగు వెనక్కి వేశారు. మనిషి నిలబడ్డట్టే నిలబడింది మరి. కానీ చేతులు లేవు. చేతులుండాల్సిన చోట రెండు తెడ్లు వేలాడుతున్నాయి.

అది అటూ ఇటూ చూసి, మెడ ఎత్తి ఒక్క కేక పెట్టింది. గాడిద ఓండ్ర పెట్టినట్టు ఉంది ఆ కేక. తనవాళ్ళని పిలుస్తోందని మరిడికి అర్థమైంది. మంచులోంచి జవాబు రాలేదు. అది చాలాసేపు చెవి ఒగ్గినట్టు నిలబడి, ఇంక అరవడం మానేసింది.

ఎందుకొచ్చిన గొడవ, నీళ్ళలో వదిలేయండి అన్నారు. వదిలారు. అది తిరిగి ఒడ్డుకొచ్చేసింది. మళ్ళీ వదిలారు, మళ్ళీ వచ్చేసింది. మూడోసారి వదిలితే వచ్చి తిన్నగా మరిడి వెనకాలే నడిచి, వాళ్ళింటి పెరటి గోడకి ఆనుకుని నిలబడింది. చేప పెడితే తినలేదు. పోన్లే, గుమ్మం దాటి వచ్చిన ప్రాణిని తరమకూడదు అంది పోలమ్మ.

ఆ తర్వాత దీపాలవేళ అయింది. పోలమ్మ దీపం చేతిలోకి తీసుకుంది. కోళ్ళు సరే, మేక సరే, దీన్ని ఎవరి వాళ్ళలో చెప్పాలి? అప్పుడు కొర్లయ్య తానే వచ్చాడు. నా వలలో పడింది, నేను చెబుతాను పక్కకి జరుగు అని దీపం అందుకున్నాడు. ఆయనకి ఒకటే లెక్క. వలలో పడ్డదంతా చేపే. పీత పడినా, తాబేలు పడినా ఆయన చేపలనే అనేవాడు. ఇన్నాళ్ళూ ఎవరూ కాదనలేదు.

బొట్టు, బొట్టు, బొట్టు. ఇసుక మీద నీళ్ళ చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది.

మంచులోంచి తట్ట ముందు కనపడింది, తర్వాత మనిషి. మరిడి అమ్మ చీర వెనకనుంచి తొంగి చూసింది. ఆ ముఖాన్ని ఎక్కడో చూసినట్టే ఉంది. బాగా తెలిసిన ముఖమే. ఎవరిదో మాత్రం ఎంత ఆలోచించినా అందలేదు. ఆ అందకపోవడానికే మరిడికి భయం వేసింది.

"ఈ ఇంట్లో ఎవరి వాళ్ళూ కానిది ఒకటి ఉంది," అన్నాడు వాడు. "అది ఎవరిది?"

కొర్లయ్య గొంతు సవరించుకుని, సేపల్లోది అన్నాడు.

వాడు వంగి దాని మెడ పక్కన తడి చెయ్యి వేసి తడిమాడు. మొప్పలేవి అన్నాడు. నీళ్ళలో ముంచి పట్టుకుంటే ఊపిరాడక చచ్చేది చేప ఎలా అవుతుంది అన్నాడు. కోపంగా కాదు, ఎంతో నెమ్మదిగా. తర్వాత తట్టలో వేళ్ళు ముంచి, ఆ నీళ్ళు కొర్లయ్య మీద చిలకరించి, వచ్చిన దారినే మంచులోకి వెళ్ళిపోయాడు.

ఏమీ కాలేదనుకున్నారు అందరూ. కొర్లయ్య నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళాడు. వెళ్ళి, సొంత గుమ్మం ముందు ఆగిపోయాడు. పిల్లలు పరిగెత్తుకొచ్చి కాళ్ళకి చుట్టుకుంటే, వాళ్ళని మెల్లగా విడిపించుకుని, ఎవరి పిల్లలమ్మా వీళ్ళు, పాపం తప్పిపోయినట్టున్నారు అని భార్యని అడిగాడు. ఆవిణ్ణి కూడా ఎవరో పరాయి ఆడమనిషిని అడిగినట్టే అడిగాడు. ఆ రాత్రంతా అరుగు మీదే కూర్చున్నాడు. అది తన అరుగని తెలియదు.

భయం వేస్తోందా? చెయ్యి ఇలా ఇవ్వు. నేనున్నాను కదా.

మర్నాడు పోలమ్మ పనికి వెళ్ళలేదు. పెరట్లో దాని ముందు కూర్చుంది. ఎవరి పోగులోది ఇది అని తనలో తాను అడుగుతూనే ఉంది. వెన్నెముక తడిమి చూసింది. ఉంది. వెన్నెముక ఉన్నవాటిలో చేపలున్నాయి, కప్పలున్నాయి, పాములూ తాబేళ్ళూ ఉన్నాయి, పక్షులున్నాయి, పాలిచ్చేవి ఉన్నాయి. చేప కాదని తేలిపోయింది. కప్పా పామూ ముట్టుకుంటే చల్లగా ఉంటాయి. దీని పొట్ట మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. లోపల గుండె గబగబా కొట్టుకుంటోంది.

అది పోలమ్మ ఒళ్ళో తల ఆనించి కళ్ళు మూసుకుంది. అప్పుడు పోలమ్మ కరిగిపోయింది. డాల్ఫిన్లు కూడా నీళ్ళలోనే ఈదుతాయి, ఊపిరికి పైకొస్తాయి, పిల్లలకి పాలిస్తాయి. ఇదీ అలాంటిదే, మనలాంటిదే, చంటిపిల్లలా నిద్రపోతోంది చూడు అంది మరిడితో. ఒళ్ళంతా దట్టంగా ఉన్నది బొచ్చే అనుకుంది. జాలి పడితే చూపు కొంచెం మసకబారుతుంది తల్లీ. అంత తెలిసిన పోలమ్మకీ అలాగే అయింది.

సాయంత్రం పోలమ్మే గుమ్మంలో నిలబడింది. బొట్టు, బొట్టు, బొట్టు. వాడు వచ్చాడు, అదే మాట అడిగాడు. పాలిచ్చేవాటిలోది అంది పోలమ్మ.

వాడు వంగి దాని తల పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. పాలిచ్చే రొమ్ము ఏది అన్నాడు. పాలు తాగడానికి పెదాలైనా లేవే అన్నాడు. తట్టలో వేళ్ళు ముంచి నీళ్ళు చిలకరించి వెళ్ళిపోయాడు.

పోలమ్మ దీపంతో వెనక్కి తిరిగింది. ఎదురుగా మరిడి. పోలమ్మ దీపం కాస్త పైకెత్తి ఆ ముఖంలోకి చూసింది.

"ఎవులమ్మా నువ్వు? ఎవుల పిల్లవి? సీకటడిపోతంది, మీయమ్మ ఎతుక్కుంటాది, ఇంటికెళ్ళిపో."

అమ్మా నేనే, మరిడిని అంది మరిడి. పోలమ్మ బాధగా తల ఊపింది. నాకు పిల్లల్లేరమ్మా అంది. పోనీ ఆకలేస్తోందేమో అని పళ్ళెంలో అన్నం పెట్టి, పరాయి పిల్లకి పెట్టినట్టు మర్యాదగా ముందు పెట్టింది. ఇంకాస్త వేసుకో, మొహమాటపడకు అంది. తిట్టినా బాగుండేది. ఆ మర్యాదకి మరిడి గుండె పగిలిపోయింది. పళ్ళెం అలాగే వదిలేసింది.

మూడో రోజు ఊరంతా వాళ్ళ పెరట్లోకి వచ్చింది. కొర్లయ్య భార్య కొంగుతో కళ్ళొత్తుకుంటూ పాత మాట ఒకటి చెప్పింది. తడితట్టోడు మూడుసార్లే అడుగుతాడు. సరైన జవాబు దొరికితే పట్టుకుపోయినవన్నీ తిరిగి ఇచ్చేస్తాడు. మూడోసారీ తప్పితే ఆ ప్రాణినీ, జవాబు చెప్పిన మనిషినీ కలిపి తట్టలో వేసుకుపోతాడు. ఎవరు చెబుతారర్రా అని అడిగింది. దీన్ని వాడికిచ్చేస్తే పీడ పోతుంది అన్నారు కొందరు. ఇచ్చేస్తే నా మొగుడు నన్ను గుర్తుపడతాడా అని ఆవిడ అడిగింది. ఒక్కొక్కరే జారుకున్నారు.

పోలమ్మ ఒడ్డుకి పనికి వెళ్ళిపోయింది. చేపలన్నీ గుర్తే ఆవిడకి. కవళ్ళు ఓ పోగు, వంజరాలు ఓ పోగు. చెయ్యి ఎప్పట్లాగే ఆడుతోంది. కూతురొక్కతే గుర్తులేదు.

మరిడి పెరట్లో దాని పక్కనే కూలబడింది. అప్పుడు చూసింది. దాని ఒంటి మీద బొచ్చు గుప్పెడు గుప్పెడుగా ఊడిపోతోంది. కాళ్ళ చుట్టూ కుప్ప పడింది. ఇది కూడా చచ్చిపోతోంది, ఇంక నాకు అమ్మ లేదు అనుకుని మరిడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, రాలినదాన్ని తీసి తిరిగి దాని ఒంటికి అంటించబోయింది. పిచ్చిపిల్ల, అతుక్కుంటుందా?

అలా అంటించబోతుంటే ఒకటి అరచేతిలో ఉండిపోయింది. మరిడి కళ్ళు తుడుచుకుని దాన్ని దగ్గరగా చూసింది. అది వెంట్రుక కాదు. చిన్నదే, బియ్యపుగింజంత వెడల్పు కూడా లేదు. కానీ మధ్యలో సన్నటి పుల్ల ఉంది. పుల్లకి రెండు వైపులా కుచ్చు ఉంది.

పెరట్లో వాళ్ళ కోడిపెట్ట గింజలేరుకుంటోంది. అది కూడా ఏడాదికోసారి ఇలాగే రాల్చుకుని బోడిగా, చూస్తే నవ్వొచ్చేలా తిరుగుతుంది. తర్వాత కొత్తవి వచ్చేస్తాయి. మరిడి కోడి రాల్చినదొకటి ఏరి తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అంతే తేడా.

అప్పుడు కోడి కాళ్ళు చూసింది, దీని కాళ్ళు చూసింది. రెండింటికీ పొలుసులే. నోరు చూసింది. పళ్ళు లేవు, ముక్కే ఉంది. ఆ తెడ్డుని మెల్లగా వంచి లోపలి ఎముకలు తడిమింది. భుజం దగ్గర ఒక కీలు, దాని కింద ఇంకొకటి. కోడి రెక్కలో ఎక్కడ తగులుతాయో అక్కడే తగిలాయి.

మరిడికి తెలిసిపోయింది. కానీ వెంటనే ఇంకో భయం పట్టుకుంది. మరి ఇది ఎగరదే. తప్పయితే తట్టలోకి నేను కూడా పోతాను. అమ్మ ఒడ్డు నుంచి వచ్చి, తెలియని పిల్ల ఎవరో కనపడకుండా పోయిందని కూడా అనుకోదు.

దీపాలవేళ అయింది. మరిడి దీపం వెలిగించి గుమ్మంలో నిలబడింది. పక్కన అది నిలబడింది, సగం ఊడిన ఒంటితో. లోపల పోలమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది, వీళ్ళెవరో తన ఇంట్లో ఎందుకున్నారో అర్థం కాక.

బొట్టు, బొట్టు, బొట్టు. ఈసారి వాడు చాలా దగ్గరగా వచ్చాడు. తట్ట అంచు నుంచి నీళ్ళు మరిడి పాదం మీద పడ్డాయి. చన్నీళ్ళు.

"ఇది ఎవరిది?" అన్నాడు.

పక్షుల్లోది అంది మరిడి.

వాడు నవ్వలేదు. తల పైకెత్తాడు. పక్షులు ఎగురుతాయి కదా, దీన్ని ఎగిరించి చూపించు అన్నాడు.

సరిగ్గా అప్పుడే సరుగుడు తోటలోంచి ఒక గబ్బిలం ఇంటి చూరు మీదుగా పోయింది. మరిడి దాన్ని చూపించింది. అది ఎగురుతుంది, అయినా పిల్లకి పాలిస్తుంది, అది పక్షి కాదు అంది. మా నాన్న పడవ మీదకి గాల్లో ఎగిరొచ్చి పడే చేపలుంటాయి, అవీ పక్షులు కావు అంది. తర్వాత గుప్పిట విప్పి అరచేతిలో ఉన్నది చూపించింది.

"ఎగరడం కాదు. ఈక. ఈక పక్షికి తప్ప ఇంకెవులికీ ఉండదు."

వాడు చాలాసేపు ఆ ఈకని చూశాడు. దీని సంగతి సరే అన్నాడు చివరికి. అన్నాడు గానీ కదల్లేదు. తట్ట నెత్తిమీదనుంచి దించి, మరిడి ముఖం ఎదురుగా పట్టుకున్నాడు.

"మరి నువ్వు ఎవరిదానివి? లోపల ఉన్నావిడ నిన్ను ఎరగదు."

మరిడి తట్టలోకి చూసింది. ఆ నల్లటి నీళ్ళలో ముఖాలు తేలుతున్నాయి. కొర్లయ్య పిల్లల ముఖాలు. కొర్లయ్య భార్య ముఖం. వాటి పక్కన తన ముఖం. నీళ్ళలో నీడ కాదే తల్లీ. ఇక్కడ మరిడి ఏడుస్తోంది, అక్కడ ఆ ముఖం ఏడవడం లేదు. అమ్మ ఒడిలో పడుకున్నప్పటి ముఖం అది. అమ్మ దగ్గరనుంచి వాడు పట్టుకుపోయింది దాన్నే.

మరిడి కొంచెం వంగి, పక్కనున్న దాని వీపు మీద చెయ్యి వేసింది.

"దీనికి తాను పక్షినని తెల్దు. తెల్లేదని పక్షి కాకుండా పోద్దా? మాయమ్మకి నానెవులో తెల్దు. తెల్లేదని నాను మాయమ్మ కూతుర్ని కాకుండా పోతానా?"

తడితట్టోడు తట్ట వంచి, నీళ్ళన్నీ గుమ్మం ముందు ఇసుకలో పారబోశాడు. ఇసుక వాటిని తాగేసింది. ముఖాలూ పోయాయి, చప్పుడూ లేదు. అక్కడెక్కడో ఆ చివర కొర్లయ్య ఇంట్లో పిల్లలు కేరింతలు కొట్టడం వినపడింది. మరిడి మాత్రం వెనక్కి తిరగలేకపోయింది. అమ్మ ఇంకా ఎవరు నువ్వని అడుగుతుందేమోనని భయం.

అప్పుడు పొయ్యి దగ్గరనుంచి విసుగ్గా ఒక గొంతు వినపడింది.

"మరిడీ, ఎంతసేపే ఆ గుమ్మంలో? సీకటడిపోనాది, లోపలికి రాయే."

రోజూ పిలిచే పిలుపే. ఎప్పుడూ ఆ పిలుపుకి మూతి ముడుచుకునేదే ఈ మరిడి. ఆ రోజు మాత్రం దీపం చేతిలో ఉందన్న సంగతి కూడా మరచిపోయి ఏడ్చింది.

లోపలికి అడుగు వేయబోతుంటే వెనకనుంచి తడితట్టోడు పిలిచాడు. ఈసారి వాడి గొంతు వేరుగా ఉంది, దారి తప్పినవాడు అడిగినట్టుగా.

"నేను ఎవరి వాణ్ణో చెప్పగలవా?"

మరిడి దీపం ఎత్తి చూసింది. ఈక లేదు, పొలుసు లేదు. అమ్మ పాలు తాగిన పెదాలేనా అవి? తెలియలేదు. బాగా తెలిసిన ముఖంలాగే ఉంది, ఎవరిదో మాత్రం అందలేదు. నోటికొచ్చింది చెప్పి పంపేయొచ్చు. కానీ తెలియనిది తెలిసినట్టు చెబితే ఏమవుతుందో ఆ పిల్ల చూసింది కదా. తెలీదు తాతా అంది. వాడు తల ఊపి, ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని మంచులోకి నడిచిపోయాడు. ఆ రోజు చుక్కల చప్పుడు లేదు.

మంచు విడిచింది. ఆ ఎగరని పిట్టకి నున్నటి కొత్త ఈకలు వచ్చాయి. ఒక ఉదయం అదే ఒడ్డుకి నడిచి నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ లోతులో నిలబడి మరిడి చూస్తూ ఉండిపోయింది. గట్టు మీద బుడిబుడి అడుగులు వేసిన పిట్ట నీళ్ళలో రెక్కలు చాచి కొడుతూ, గద్ద ఆకాశంలో వెళ్ళినంత వేగంగా వెళ్ళిపోయింది. అది కూడా ఎగురుతుంది తల్లీ. నీళ్ళలో ఎగురుతుంది.

దూరంగా దాని కేక వినపడింది. ఇంకా దూరంగా, ఇంకో కేక దానికి జవాబు చెప్పింది.

అందుకే తెలిసిందా, చీకటి పడగానే నేను వీధి గుమ్మంలో నిలబడి, రేవతి కూతురా, ముక్తా, ఇంటికి రావే అని మీ అమ్మ పేరు కలిపి మరీ అంత గట్టిగా అరిచేది. నువ్వేమో సిగ్గేస్తోంది, ఊరికే ముక్తా అంటే చాలు కదా అంటావు. నేను పిలిచేది నీ ఒక్కదానికే వినపడాలని కాదు. వాడింకా తిరుగుతూనే ఉన్నాడు మరి. వాడు ఎవరి వాడో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఏదీ, పడుకునే ముందు ఒక్కసారి చెప్పు. నువ్వెవరిదానివి? ఊహూఁ, దుప్పట్లోంచి కాదు. గుమ్మం దాకా వినపడాలి. ఆఁ, అలాగ. నా తల్లే.

ఈక ఉన్న పిట్ట ఈదుకుంటూ పోయె,
తట్ట ఉన్న తాత తడుముకుంటూ పోయె,
అమ్మ ఉన్న పిల్ల ఆడుకుంటూ పోయె,
కథ కంచి దారి పట్టె, కన్ను కునుకు దారి పట్టె,
ఎవరి ఇంటి దీపం వాళ్ళ ఇంట వెలిగె.